బటన్ బాబు డి మైనర్

"ఈయనకి వచ్చింది ఒక్కటే స్కేలు నాన్నా. మిగతాదంతా బటనే!"

కొత్తగా వచ్చిన కీబోర్డ్ అబ్బాయి పరువు రిహార్సల్ గదిలో మొదటి రోజే గంగలో కలిసింది. కలిపింది వయొలిన్ అమ్మాయి. ఆర్కెస్ట్రా నడిపే మాస్టారి కూతురు.

ఆమె అన్నది అబద్ధమూ కాదు. రాక్ అయినా, జోలపాట అయినా అతని వేళ్లు నడిచేది ఇ మైనర్ అనే ఆ ఒక్క స్కేలులోనే. శ్రుతి మారాలంటే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేవాడు. స్వరాలు వాటంతటవే జరిగేవి.

"ఆ ఒక్క స్కేలుతోనే జనాన్ని ఏడిపించానండీ, గంతులూ వేయించాను!" అన్నాడు ఉక్రోషంగా.

"చూద్దాంలే బటన్ బాబూ," అన్నారు మాస్టారు. "కచేరీలో తేడా వస్తే మాత్రం వేరేవాణ్ణి చూసుకుంటా."

తిట్టిన నోటితోనే ఆమె ఇ మైనర్‌కి రెండు మెట్లు కింద ఉండే డి మైనర్ నేర్పడం మొదలుపెట్టింది. అతని వేళ్లు మాత్రం ఇంటిదారి పట్టిన ఎద్దుల్లా ఇ మైనర్‌కే పరుగెత్తేవి. వాన కురిసి ఇంకెవరూ రాని ఒక సాయంత్రం అతను ధైర్యం చేశాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

కిటికీలోంచి జల్లు కొడుతున్నా ఆమె లేవలేదు. "డి మైనర్‌లో ఒక్క పాట తప్పు లేకుండా వాయించండి. అప్పుడు చెప్తా."

కచేరీ రోజు చివరి పాట ఇ మైనర్. బతికాననుకుంటూ మొదటి స్వరాలు నొక్కాడు. స్వరం రెండు మెట్లు పైన పలికింది! ముందు పాటలో గాయకుడి శ్రుతి కోసం నొక్కిన బటన్ తీయడం మరిచాడు. ఇప్పుడు తీస్తే ఆ పాత కీబోర్డ్ పాట మధ్యలో కాసేపు మూగబోతుంది. మాస్టారి కళ్లు నిప్పులు కురిశాయి.

దారి ఒక్కటే. బటన్ పైకెత్తిన రెండు మెట్లూ వేళ్లే కిందికి దిగాలి. అంటే డి మైనర్!

ఆమె వైపు చూశాడు. వయొలిన్ మీద గడ్డం ఆనించి ఉండగానే ఆమె చిన్నగా తలూపింది.

వేళ్లు దిగాయి. తడబడలేదు. ఏడుపు పాటలా మొదలైనది డ్రమ్స్ అందుకునేసరికి ఉరకలెత్తింది. హాలు హాలంతా లేచి నిలబడింది. అతనికి ఆనందంతో ఏడుపొచ్చింది.

తెర పడ్డాక మాస్టారు దగ్గరికొచ్చారు. "బటన్ మరిచావు కదూ?"

"అవును మాస్టారూ."

"నీ వేళ్లు చూశాలే. రేపు పదింటికి రిహార్సల్. ఆదివారం మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకురా. డి మైనర్ నేర్పిందెవరో నాకు తెలీదనుకోకు."

ఆయన వెళ్లగానే అతను ఆమె వైపు తిరిగాడు. "మరి నా జవాబు?"

ఆమె టేపు ముక్క తెంచి ఆ బటన్ మీద గట్టిగా అంటించింది.

"ఇక దీంతో నీకు పనిలేదు," అంది, మొదటిసారి 'మీరు' మానేసి. "నాకూ నువ్వంటే ఇష్టమే."