ఎండని పూత

ఆ అమ్మాయి కుర్చీలో కూర్చోలేదు, కూలబడింది. ఆఫీసుకు తాళం వేయబోతున్న అసిస్టెంటు ఉసూరుమంటూ మళ్ళీ లైటు వేశాడు. డిటెక్టివ్ అప్పటికే బూట్లు విప్పి కాళ్ళు స్టూలు మీద చాపుకున్నాడు, తీయలేదు. తప్పిపోయిన ఓ మామగారి కోసం వారమంతా ఊరు గాలించి ఇద్దరికీ ఒళ్ళు హూనమై ఉంది.

“మా నాన్న రేపు పొద్దున్నే పోర్టు ఆఫీసరు దగ్గరకెళ్ళి తప్పు ఒప్పేసుకుంటానంటున్నాడండీ. చెయ్యని తప్పు!”

“చెయ్యలేదని మీ నాన్నే చెప్పచ్చుగా?”

“ఆయనకే నమ్మకం లేదండీ. అదే నా ఏడుపు.”

ఆమె తండ్రి ఫైబర్ పడవలు బాగుచేసే మేస్త్రి. లెక్కల మాస్టారొకాయన రిటైరయ్యాక పాత పడవ ఒకటి కొని ఆయన షెడ్డులో పెట్టాడు. అడుగంతా పొక్కులు, పగుళ్ళు. మేస్త్రి పాత పూత గీకి, కొత్త ఫైబర్ పొరలు వేసి, రంగు పూసి అద్దంలా మెరిపించాడు. తీరా నీళ్ళలోకి దిగిన మొదటిరోజే కూర్చునే బల్ల కింద అతుకు ఊడి పడవ మునిగింది. మాస్టారు తేలుతున్న దిండు పట్టుకుని చావు తప్పించుకున్నాడు. మునిగిన పడవను పైకి లాగి చూస్తే అతుకు మీద ఫైబర్‌ని అతికించే జిగురు, అదే రెజిన్, ఇంకా జిగటగానే ఉంది. హార్డ్‌నర్ కలపని రెజిన్ ఎన్నాళ్ళయినా గట్టిపడదు. ముసలి మేస్త్రి అది కలపడం మర్చిపోయాడని ఆఫీసరు తేల్చేశాడు. లైసెన్సు పోతుంది, షెడ్డు మూతపడుతుంది.

“‘నాకు మతి పోయిందే తల్లీ’ అంటున్నాడు. తిండి సయించడం లేదు.”

“ఎవరి మీదైనా అనుమానముందా?”

“మా మేనమామ. షెడ్డు అమ్మేద్దామని నాన్న ప్రాణం తోడేస్తుంటాడు. తాళాలు ఆయన దగ్గరా ఉన్నాయి.”

డిటెక్టివ్ బూట్లు మళ్ళీ తొడుక్కున్నాడు. ఆయన అంత దీర్ఘంగా నిట్టూర్చాడంటే కేసు ఒప్పుకున్నట్టేనని అసిస్టెంటుకు తెలుసు.

షెడ్డులో పడవను దుంగల మీద నిలబెట్టి ఉంచారు. మేస్త్రి ఒక ఖాళీ రంగు డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. వీళ్ళు లోపలికొచ్చినా లేవలేదు, ఆ ఓపిక ఆయనలో ఉన్నట్టు లేదు. డిటెక్టివ్ నడుం పట్టుకుని మూలుగుతూ పడవలోకి దిగి, బల్ల కింద టార్చి వేశాడు. అసిస్టెంటు వేలు పెట్టి చూశాడు. అంటుకుపోయింది.

“ఛీ, బంకలా ఉంది సార్!”

“దాని కిందేముందో చూడు.”

పగిలిన అంచు దగ్గర జిగట కింద పొరలు రాయిలా ఉన్నాయి. వాటి మీద గ్రైండర్ అంచు గుచ్చుకున్న లోతైన గాట్లు. గాట్లలో ఫైబర్ గుడ్డ, అదే మ్యాట్, ముక్కలు కుక్కి, రెజిన్ పోసి, వేళ్ళతో అద్దారు. ఆ వేళ్ళ గుంటలు ఇంకా కనిపిస్తున్నాయి.

“మేస్త్రిగారూ, మ్యాట్‌ని వేళ్ళతో అద్దుతారా?”

“బ్రష్షుతో అండి. వేళ్ళతో ఎవరద్దుతారు?” అని ఆయన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. “నేనే అద్దానేమో. ఏమో బాబూ, గుర్తులేదు.”

డిటెక్టివ్ టార్చి ఆర్పాడు.

“మధ్యాహ్నాలు ఇక్కడెవరుంటారు?”

“భోజనానికి ఇంటికెళ్తామండి. తలుపు దగ్గరగా వేసిపోతాం, సామానంతా ఎక్కడిదక్కడే ఉంటుంది. మాస్టారూ, వాళ్ళావిడా రోజూ వచ్చి చూసిపోయేవాళ్ళు.” తర్వాత అసిస్టెంటు చేతులు చూసి, “చన్నీళ్ళతో కడుక్కో బాబూ. వేడినీళ్ళు తగిలాయా, ఆ ఫైబర్ నూగు చర్మంలోకి దిగి వారం రోజులు గోక్కుంటావు. ఈ పనిలో మొదట నేర్చుకునేది అదే,” అన్నాడు.

మేనమామ కస్సుమంటూనే వచ్చాడు.

“అవును, అమ్మేయమన్నాను. మా బావ దగ్గు విన్నారా మీరు? ఈ దుమ్ము తిని తిని చస్తాడని అన్నాను. తప్పా?”

“మీకు పని వచ్చా?”

“చిన్నప్పట్నుంచీ ఇందులోనే పడి ఉన్నానండీ!”

అక్కణ్ణుంచి మాస్టారింటికి వెళ్ళారు. ఉడుకెత్తిపోతున్న ఆ రాత్రి మాస్టారి భార్య పొడుగు చేతుల స్వెటరు వేసుకుని తలుపు తీసింది. మాస్టారు సోఫాలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. మనిషి నీరసంగా ఉన్నా నోరు మాత్రం పడవ చుట్టూనే తిరుగుతోంది. ఆమె మంచినీళ్ళు అందిస్తుంటే మణికట్టు బయటపడింది. ఎర్రగా గోకి గోకి ఉంది.

“ఏంటమ్మా ఆ దద్దుర్లు?”

“ఏదో పడలేదండీ. వేడినీళ్ళ కాపడం పెడుతున్నా, తగ్గడం లేదు.”

“ఆవిడకెప్పుడూ ఏదో ఒకటి,” అన్నాడు మాస్టారు. “అది సరేగానీ, పడవ మళ్ళీ ఎప్పటికి దిగుతుందంటారు?”

మర్నాడు పొద్దున్నే అందరినీ షెడ్డుకు పిలిపించాడు డిటెక్టివ్. మేస్త్రి ఆఫీసరు దగ్గరకు వెళ్ళడానికి ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఎవరి కళ్ళు చూసినా నిద్ర లేదు. డిటెక్టివ్ పడవ అంచుకు జారగిలబడ్డాడు.

“మేస్త్రిగారూ, మీరేం మర్చిపోలేదు. మీరు వేసిన పొరలు రాయిలా ఉన్నాయి. వాటిని ఎవరో లోపలి వైపు నుంచి గ్రైండర్‌తో తొలిచేశారు. పై రంగు ఒక్కటే మిగిలింది. అది అలల దెబ్బకు ఎంతసేపు ఆగుతుంది?”

“నేను కాదు!” అన్నాడు మేనమామ.

“కాదు. మిమ్మల్ని ఇరికించాలనుకున్నా, మీ బావని ఇరికించాలనుకున్నా, తొలిచినవాళ్ళు అక్కడితో వదిలేసేవాళ్ళు. ఈ మనిషి వదల్లేదు. కంగారుపడి గుడ్డ ముక్కలు కుక్కి, డబ్బాలో రెజిన్ పోసి, ఒట్టి చేత్తో అద్ది బాగుచెయ్యబోయారు. మీలా పని తెలిసినవాళ్ళు కారు, హార్డ్‌నర్ కలపాలని తెలీదు. పాడుచేసిన చేతులే బాగుచెయ్యాలని తాపత్రయపడ్డాయి. ఎందుకు? ఈ పడవ ఎక్కే మనిషి వాళ్ళకు కావలసినవాడు గనక. ఆ తర్వాత చేతులకు వేడినీళ్ళ కాపడం పెట్టుకున్నారు.”

మాస్టారు మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆమె స్వెటరు చేతులు కిందికి లాక్కుంది. తర్వాత వదిలేసింది.

“షెడ్డులో నీళ్ళు పోసి చూస్తారనుకున్నాను,” అందామె. “కారితే, ఇది పనికిరాదని మీరే చెప్తారనుకున్నా మేస్త్రిగారూ. గుండె ఆపరేషనైన మనిషి, నడిసముద్రంలో ఒక్కడూ… తొలిచాక గుండె గుభేలుమంది. పూడ్చేశాను. గట్టిపడుతుందనే అనుకున్నాను. దేవుడి మీదొట్టు.”

“నాకొక్క మాట చెప్తే సరిపోయేది కదే!” అన్నాడు మాస్టారు.

“రోజూ చెప్పాను. మీరు ఏ రంగు వేయించాలో చెప్తూ ఉండేవారు.”

అమ్మాయి తండ్రి భుజం పట్టుకుంది. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

“అమ్మా, మీ భయం నాకర్థమైంది. కానీ మాస్టారు ఇంటికొచ్చాక కూడా మీరు నోరు విప్పలేదు. నాకు పిచ్చెక్కిందని నేను నమ్మేశాను. మా అమ్మాయి మొహం చూడలేకపోయాను. నాకు చాలా కోపంగా ఉంది. ఆఫీసరుతో మీరే చెప్పాలి.”

“చెప్తాను. అందుకే వచ్చాను.”

మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అలవాటు చావక కాబోలు, “ఇది మళ్ళీ బాగవుతుందా మేస్త్రీ?” అన్నాడు.

“అవుతుంది. తొలిచిన మేర గీకి, మళ్ళీ పొరలు వేస్తే చాలు,” అన్నాడు మేస్త్రి. అంటూనే ఆయన మాస్టారి భార్య వైపు తిరిగాడు. “చెయ్యమంటారా అమ్మా?”

అసిస్టెంటు ఆమెనే చూస్తున్నాడు. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఆమెను అడిగిన మొదటి మనిషి ఈయనేనని, అదీ ఇంత కోపంలో అడిగాడని అతనికి తోచింది.

“వద్దు,” అంది.

మేస్త్రి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు ఏదో అనబోయి, పడవను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసి, నోరు మూసుకున్నాడు.

“వద్దంటోంది కదయ్యా,” అన్నాడు చివరికి. భార్య చెయ్యి పట్టుకోబోయి, ఆ ఎర్రటి మణికట్టు చూసి ఆగి, మోచెయ్యి పట్టుకున్నాడు. “పద, ఆఫీసరు దగ్గరకి నేనూ వస్తాను.”