పది అడుగులా, పది మీటర్లా

ఉదయం తొమ్మిదవుతోంది. ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కూతురు దాని మీద మూడు మడత కెమెరాలు వరసగా పెట్టింది. ముందున్న రేకు తలుపు తెరిస్తే నల్లటి తోలుతిత్తి సాగి, కొసన లెన్సు బయటికొచ్చే పాతకాలపు రకం. జపానులో ఒక చిన్న కంపెనీ కొన్నేళ్లు తయారుచేసి మూతపడింది. పేరు చెబితే కెమెరాలు పోగుచేసేవాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు.

ఫొటో స్టూడియో మూసేశాక తండ్రికి మిగిలిన ముచ్చట ఇదొక్కటే. ఈ కెమెరాలో ఎన్ని రకాలొచ్చాయో నెట్‌లో ఒక పేజీ పెడదామని కూతురే అంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చెబుతుంటే ఆమె టైపు చేస్తోంది.

"మొదటిదానికి ఎంత దూరంలో ఉన్నది తేటగా పడాలో పెట్టే రింగే లేదు. రెండోదాని రింగు మీద దూరం మీటర్లలో ఉంటుంది. మూడోది బయటి దేశాలకి పంపింది, అందులో అడుగులు. రాశావా?"

"రాశాను నాన్నా. కానీ అడుగులనీ మీటర్లనీ రింగు మీద ఎక్కడా లేదే. ఒట్టి అంకెలేగా."

"అదే తమాషా. పట్టుకున్నవాడికి తెలిసుండాలి."

కూతురు మూడో కెమెరాని వెలుగులోకి తిప్పింది. "మరి దీనిమీదా రెండోదాని అంకెలే ఉన్నాయేంటి? పది దాటి ఏమీ లేదు. అడుగులైతే యాభై దాకా ఉండాలని నువ్వే అన్నావు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అదా. అదో అరుదైన రకంలే. నాలుగోదని రాసుకో."

"అరుదైన రకానికి స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటాయా? ఎవరో విప్పారు నాన్నా దీన్ని."

"ఏవండీ, టీ అక్కడికి తేనా?" అని వంటింట్లోంచి భార్య కేకేసింది.

"వద్దులే, నువ్వు తెస్తే సగం ట్రేలోనే ఉంటుంది. అమ్మాయి తెస్తుంది" అన్నాడాయన, మాట మారినందుకు హాయిగా.

ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా నలిగిన జోకు అది. ఒకప్పుడు నెగటివ్‌ల మీద మచ్చల్ని వెంట్రుకంత కుంచెతో దిద్దేది ఆవిడే. ఆ చేతిపని కోసమే స్టూడియోకి వచ్చేవాళ్లుండేవారు. తన తల్లి చివరిసారి ఈ ఇంటికొచ్చినప్పుడు ఈ మూడో కెమెరాతో ఆవిడే ఫొటో తీసింది. టేపుతో కొలిచి, సరిగ్గా పది అడుగుల దూరంలో కుర్చీ వేసి, రింగుని పది మీద పెట్టి మరీ తీసింది. ఫొటోలో మొహం ఉత్త మసక. పన్నెండు రోజులకి పెద్దావిడ పోయింది. చెయ్యి వణికిందని అందరూ అనుకున్నారు. ఆ తర్వాత ఆవిడ కుంచె పట్టలేదు, కెమెరా ముట్టలేదు.

కూతురు లేచి వెళ్లింది టీ కోసం కాదు, ఆల్బమ్ కోసం. ఆ ఫొటో తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది దీంతో తీసిందేగా?"

"ఇప్పుడదంతా ఎందుకమ్మా."

"చెయ్యి వణికితే ఫొటో అంతా అలికినట్టు చెదిరిపోతుందని నాకు చెప్పింది నువ్వే. అమ్మమ్మ మొహం మసకగా ఉంది, సరే. వెనక తీగ మీద బట్టల క్లిప్పులు చూడు, లెక్కపెట్టొచ్చు. వణికిన చేతికి క్లిప్పులెలా దొరికాయి నాన్నా?"

ఆయన ఫొటోని బోర్లా తిప్పాడు. అప్పటికే భార్య గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ట్రే. మూడు గ్లాసుల్లోనూ టీ అంచు దాకా ఉంది.

"ఏంటండీ అది?" అంది.

ఆయన ఆవిడ వైపు చూడకుండా చెప్పాడు. "అంతకు ముందు వారం అది నా చేతిలోంచి జారింది. రింగు సొట్టపోయింది. పాడైన మీటర్ల కెమెరా ఒకటుంటే దాని రింగు తీసి దీనికి వేశాను. నువ్వు పది అడుగులనుకున్నావు. అది పది మీటర్లు. వెనకున్న తీగ అంత దూరం."

"నాకు చెప్పలేదే."

"మర్చిపోయాను."

"మరి ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఫిలిం కడిగిన రోజే" అన్నాడు. "మీ అమ్మ పోయిన ఇల్లు. అందరూ ఆ ఫొటో చూసి ఏడుస్తున్నారు. ఇలా ఎందుకొచ్చిందని మీ తమ్ముడు అడిగాడు. నేను ఫొటోగ్రాఫర్ని. నా నోటికి అదే వచ్చింది, అక్క చెయ్యి వణికిందని. మర్నాడు నీకు చెబుదామనుకున్నాను. ఈలోగా అది జోకైపోయింది."

ఆవిడ ట్రే బల్ల మీద పెట్టి కూర్చుంది. కూతురి వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అంది. "నీ కూతురు పుట్టినప్పుడు నేను నేల మీద కూర్చుంటేనే గానీ ఎత్తుకోలేదు, గుర్తుందా? మోకాళ్ల నొప్పులన్నాను. పడేస్తానేమోనని భయమే."

కూతురు తల తిప్పుకుంది. ఆయనకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ముప్ఫై ఏళ్లలో ఎన్ని పెళ్లిళ్లలో, ఎంతమంది ముందు నవ్వించాడో ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ప్రతిసారీ ఆవిడా నవ్వేది.

"తిట్టవే. నాలుగు తిట్టు" అన్నాడు.

"తిడితే మీకు తేలికైపోతుంది. నేను తిట్టను. ఎవరెవరికి చెప్పారో వాళ్లందరికీ చెప్పండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన ఫోను తీశాడు. ముందు బావమరిదికే చేశాడు. ఆవిడ వినేలా పెట్టాడు.

"ఏం బావా, పొద్దున్నే."

"ఒరేయ్, మీ అమ్మ ఫొటో చెడగొట్టింది మీ అక్క కాదురా. నేను. రింగు మార్చి చెప్పలేదు. తెలిసీ ఇన్నేళ్లూ దాని మీద తోశాను."

"నేనూ నవ్వాను కదా బావా" అన్నాడు బావమరిది. "అక్కుందా అక్కడ?"

ఆవిడ ఫోను అందుకుంది. "ఉన్నాన్రా. అమ్మ ఆరోజు నవ్వుతోందిరా. ఫొటోలో కనపడదు గానీ, నేను చూశాను." ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుంది.

ఆయన తలెత్తలేదు. ఆవిడ చల్లారిన గ్లాసొకటి ఆయన వైపు జరిపింది.

"ఇంకా ఎంతమందున్నారు?"

"చాలామందే."

"కానివ్వండి. నేనిక్కడే కూర్చుంటాను."