ఇత్తడి బిళ్ళ

మా డిపోలో ఆ ఇంజన్ని అందరూ ముసలమ్మ అంటారు. కెనడా నుంచి ఓడలో వచ్చి కొలంబోలో దిగేనాటికి మా నాన్న ఇంకా పుట్టలేదు. కొత్త ఇంజన్లు కీచుమంటాయి. ఇది గురక పెడుతుంది. పన్నెండు సిలిండర్ల వణుకు క్యాబు నేలలోంచి అరికాళ్ళకి ఎక్కుతుంటే, నాకు ఇంకే ఉద్యోగమూ వద్దనిపించేది. డ్రైవర్‌కి అసిస్టెంటుగా చేరింది దానికోసమే.

దాన్ని కోసి తుక్కు కింద అమ్మేస్తామన్నారు. బరువు, ఎక్కుడు, డీజిల్ లెక్కలన్నీ వేసి పట్టుకెళ్ళి, ఇది ఇంకా కొండెక్కగలదని పైవాళ్ళ వెంటపడ్డాను. చివరికి ఒక్క అవకాశం ఇచ్చారు. మధ్యాహ్నం బండిని వేళకి కొండపైకి చేర్చాలి. ఆలస్యమైతే మర్నాడే గ్యాస్ కట్టర్.

డ్రైవర్ సిరిసోమ బాబాయ్ బెల్లం ముక్క కొరుక్కుంటూ టీ తాగుతున్నాడు. నేను క్యాబు అద్దం తుడుస్తుంటే నవ్వాడు.

"పెళ్ళాన్ని కూడా ఇంత బాగా చూసుకోరురా రువన్."

"ఇంకా పెళ్ళి కాలేదుగా బాబాయ్."

"ఒంటినిండా ఈ డీజిల్ కంపుతో ఇంకేం అవుతుందిలే."

మీదెనియ దాకా హాయిగా సాగింది. అక్కణ్ణించి గల్పొత్త వరకు కొండ ఎక్కుడు, వచ్చే బళ్ళకీ పోయే బళ్ళకీ ఒకటే పట్టా. ఆ దారికి ఒక బిళ్ళ ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్ళదే, ఎదురుగా ఇంకో బండి రాదు. స్టేషన్ మాస్టర్ దాన్ని తోలుసంచిలో పెట్టి, బెత్తపు చక్రానికి తగిలించి అందిస్తారు. వెళ్తూనే చెయ్యి చాపి అందుకోవాలి. బిళ్ళ బయటికి తీసి, దానిమీది రెండు స్టేషన్ల పేర్లు పైకి చదివి, డ్రైవర్‌కి చూపించాలి. అవతలి చివర అప్పగించాలి.

మీదెనియలో మంచు దిగింది. పట్టపగలే దీపాలు పెట్టారు. తేయాకు తోటల తడివాసనలో కిరసనాయిలు వాసన కలిసింది. ప్లాట్‌ఫారం మొదట్లోనే ఒక చెయ్యి కనిపించింది. చెయ్యి మాత్రమే. మిగతాదంతా మంచు. చక్రంలోకి నా చెయ్యి దూర్చి లాక్కున్నాను. బెత్తం నానిపోయి చల్లగా ఉంది.

వేగం తగ్గితే ముసలమ్మకి ఆ ఎక్కుడు అందదు. అందుకే సంచి విప్పకుండానే, చదివినట్టు చెప్పేశాను.

"మీదెనియ, గల్పొత్త. సరిపోయింది బాబాయ్."

ఆయన ఇంజన్ వేగం పెంచాడు. వెనక ఎవరో అరిచినట్టయింది. గురకలో సరిగ్గా వినపడలేదు.

కొంతదూరం పోయాక అడిగాడు.

"ఏదీ, చూపించు."

సంచి విప్పాను. పేర్లు సరిగ్గానే ఉన్నాయి. బాబాయ్ మాత్రం దాన్ని ముట్టుకోలేదు.

"ఇది ఇత్తడిది."

"అయితే?"

"ఈ దారిలో ఇత్తడి బిళ్ళలు ఎప్పుడో తీసేశార్రా. రెండు బళ్ళు ఎదురెదురుగా గుద్దుకున్నాక. ఒక బిళ్ళ మాత్రం దొరకలేదు. అది పట్టుకున్న అసిస్టెంటూ దొరకలేదు."

బ్రేకు మీద చెయ్యి వేశాడు.

"వద్దు బాబాయ్. ఆపితే వేళ తప్పుతుంది. దీన్ని కోసేస్తారు."

"వెనక పెట్టెల్లో మనుషులున్నారు."

ఆపేశాడు.

మంచు కిటికీలోంచి లోపలికొచ్చింది. ముసలమ్మ గురక ఒక్కటే… కాదు. ఇంకో గురక. ముందునుంచి. అవే పన్నెండు సిలిండర్లు. అలాంటి ఇంజన్ ఇంకొకటి ప్రాణంతో లేదని నాకు బాగా తెలుసు.

దగ్గరికొచ్చింది… ఇంకా దగ్గరికి…

ఆగింది.

మంచు వెనక, మాకు ఎదురుగా, నిలబడి గురక పెడుతోంది. మాకోసం చూస్తున్నట్టు.

"బాబాయ్…" అన్నాను గొంతులోనే.

"మాట్లాడకు."

గార్డుకి చెప్పి మెల్లగా వెనక్కి దించాడు. ఆ గురక వెంట రాలేదు. అక్కడే ఉండిపోయింది.

మీదెనియలో స్టేషన్ మాస్టర్ ఇనోకా అక్క ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడి ఉంది. మా బిళ్ళ ఆమె చేతిలోనే ఉంది.

"కళ్ళు నెత్తికెక్కాయా? నేను చాపుతూనే ఉన్నాను, చూడకుండా పోతారేంటి?"

"ఆ చివర ఎవరో ఇచ్చారక్కా."

"ఈ పూట నేనొక్కదాన్నే ఉన్నానిక్కడ."

గల్పొత్తకి ఫోన్ చేసింది. అక్కణ్ణించి ఏ బండీ బయల్దేరలేదు. ఇత్తడి బిళ్ళని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. మాకు అసలు బిళ్ళ ఇచ్చింది. పైకి చేరేసరికి ఆలస్యమైపోయింది.

కానీ పైవాళ్ళు కోయమనలేదు. నిన్నటి ఆలస్యం మంచు వల్లేనని గార్డు రాశాడట. ఈరోజు ఇంకోసారి ప్రయత్నించమన్నారు. ముసలమ్మ బతకాలంటే ఈరోజు ఆగకూడదు.

పొద్దున ఇంజన్ స్టార్ట్ చేద్దామని క్యాబెక్కాను. కొక్కేనికి బెత్తపు చక్రం వేలాడుతోంది. దాన్నించి నీళ్ళు బొట్లు బొట్లుగా నేలమీద పడుతున్నాయి. తోలుసంచి బరువుగా ఉంది, లోపల అదే ఇత్తడి బిళ్ళ.

బాబాయ్ మెట్టు మీదే ఆగిపోయాడు.

"తీసుకున్నావు కదరా" అన్నాడు మెల్లగా. "అవతలి చివర ఎవరికో అప్పగించాలిగా."

నేనింకా స్విచ్ ముట్టుకోలేదు. అయినా క్యాబు నేలలోంచి ఆ పన్నెండు సిలిండర్ల వణుకు అరికాళ్ళకి ఎక్కుతోంది.