పచ్చిచెవి సాక్ష్యం

బసవయ్య చిమ్టాను ఉప్పునీళ్లలో ముంచి, బల్ల మీదికి వంగిన మనిషి ఎడమచెవిలో లేచిన పొర అంచును మెల్లగా నొక్కి అతికించాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"వీణ కొంచెం ఎక్కువైందండీ. మా ఇంట్లో వీణ పడదు."

"ఇంట్లోవాళ్ల సంగతి వదిలేయండి. మీకు పడుతుందా, పడదా?"

ఆ మనిషి ఆలోచించాడు. ఆలోచించాల్సి రావడమే అతనికి ఇబ్బందిగా ఉన్నట్టుంది. "తీసేయండి," అన్నాడు చివరికి.

బసవయ్య పలక మీద మీటను కిందికి జరిపాడు. ఆ మనిషి మొహం విచ్చుకుంది. తర్వాతి మనిషికి నాదస్వరం కావాలి. ఆ తర్వాతి అమ్మాయికి గాయని గొంతు కాస్త బొంగురుగా ఉండాలి. మ్యాట్నీ జనమంతా ఇలాగే అతని కొట్టు ముందు ఆగి, చెవులు సర్దించుకుని, చంద్రకళ థియేటర్‌లోకి వెళ్తున్నారు. గాంధీనగర్‌లో ఈ వీధి ఒకప్పుడు సినిమా డబ్బాలు పంచింది. ఇప్పుడు చెవులు పంచుతోంది. సరుకు మారినా వీధి స్వభావం మారలేదు. వచ్చినవాడికి ఏది కావాలో వాడికంటే ముందు కనిపెట్టినవాడే ఇక్కడ నిలుస్తాడు. బసవయ్య నిలిచాడు. కృష్ణా ఏరియా మొత్తానికి పొరలు పెట్టే పొరదారు అతనే.

పొర వచ్చాక సినిమా పాట మీద గొడవ లేదు. హాల్లో పాట మొదలైతే ఎవరి చెవికి తగినట్టు వాళ్లకు వినిపిస్తుంది. అందరూ ఒకేసారి చప్పట్లు కొడతారు, పక్కవాడికి ఏం వినిపించిందని ఎవరూ అడగరు. సంగీత దర్శకుల్లో శోభనాద్రి గొప్పా, జోజిబాబు గొప్పా అని చొక్కాలు చించుకున్న రోజులు పిల్లలకు చెబితే నవ్వుతారు. ఆ చొక్కాలు చించుకున్నవాళ్లలో మొదటివాడు బసవయ్య. అతని చొక్కా చించింది మస్తాన్‌వలీ.

ఆ మస్తాన్ ఇప్పుడు వరస చివర నిలబడి ఉన్నాడు. బసవయ్య చూసి కూడా చూడనట్టు పని చేసుకున్నాడు. ఆట మొదలయ్యాక కూడా గంటసేపటికి గానీ వరస అయిపోలేదు. మస్తాన్ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"పొర పెట్టెయ్ బసవా," అన్నాడు.

బసవయ్య చిమ్టా పక్కన పెట్టాడు. ఈ ఏరియాలో మిగిలిన ఒకే ఒక్క పొర ఎక్కని పచ్చిచెవి మస్తాన్‌ది. పెట్టించుకోమని ఇన్నేళ్లుగా చెబుతుంటే, "నా చెవిలో నీ కొట్టు సరుకు దేనికిరా" అని తిట్టిపోసినవాడు.

"ఏమైందిరా సాయిబూ? పొద్దున పరీక్ష ఆట విన్నావుగా. ఏం తేల్చావు?"

"పాట లేదు."

బసవయ్య గట్టిగా నవ్వాడు. "నువ్వెప్పుడు ఉందన్నావ్? శోభనాద్రి పాట ప్రతిదానికీ ఇదే మాట. 'ఇది పాటంట్రా, జోలపాటకి జ్వరమొచ్చినట్టుంది' అన్నావు."

మస్తాన్ కుర్చీని బల్లకు ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు.

"నిజం చెప్పు. ఫ్లూటు ఎక్కువుండి ఉంటుంది. నీకు డప్పు మోగకపోతే పాట కాదాయె. మీ జోజిబాబు డప్పు తప్ప ఏం వాయించాడు? పెళ్లిలో వాయించాల్సినవాడు దారితప్పి స్టూడియోకొచ్చాడు."

ఈ మాటకు మస్తాన్ లేచి కొట్టాలి. కనీసం తిట్టాలి. ఇన్నేళ్లలో ఈ మాటకు ఊరుకున్నది లేదు. ఇప్పుడు మాత్రం బల్ల మీద ఉన్న పొరల పెట్టె కేసి చూస్తూ, "పెట్టెయ్ రా, ఇంటర్వెల్ లోపల అయిపోవాలంట," అన్నాడు.

గీచిగీచి బేరమాడే మనిషి చెప్పిన ధరకే తలూపాడంటే వ్యాపారి సంతోషించడు. ముందు సరుకును చూసుకుంటాడు, తర్వాత ఆ మనిషి మొహాన్ని చూస్తాడు. బసవయ్య మస్తాన్ మొహాన్ని చూశాడు. నెరిసిన గడ్డం, రాత్రంతా నిద్రలేని కళ్లు.

"సరే. ఆ పాట ఎలా ఉందో పాడు," అన్నాడు.

మస్తాన్‌కు ఒక పద్ధతి ఉండేది. నచ్చని పాటను పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా, మధ్యలో వాయిద్యాలతో సహా పాడి, ఎక్కడెక్కడ చెడిందో చూపిస్తూ తిట్టేవాడు. శోభనాద్రి అభిమానులకు కూడా ఆ పాటలు అంత బాగా వచ్చేవి కావు. బసవయ్యే కొన్ని చరణాలు అతని తిట్లలోంచి నేర్చుకున్నాడు.

మస్తాన్ నోరు తెరిచి మూసుకున్నాడు. వేలి కణుపుతో బల్ల మీద కొట్టాడు. టక్. టక్. టక్. టక్. ఆపాడు.

"తర్వాత?"

"అంతే."

"పల్లవేదిరా?"

"అదే చెప్తన్నా కదరా! లేదు. మాట లేదు, గొంతు లేదు. ఆ టకటకే మొదట్నించి చివరిదాకా. పోయిన సినిమాలో సన్నగా ఒక రాగం గీత ఉండేది. అంతకుముందు దాంట్లో పల్లవన్నా ఉండేది. నేను తిడతానే ఉన్నా, తరిగిపోతందని. నువ్వు నవ్వావు."

నిజమే, నవ్వాడు. మస్తాన్ నోట తిట్టు వింటే నవ్వడం బసవయ్యకు అలవాటు. ఎప్పుడూ తిట్టేవాడి తిట్టుకు విలువ కట్టలేదు. ఆ లెక్క తప్పని ఇప్పుడు తోచింది.

"మరి పొరెందుకు పెట్టించుకుంటానంటున్నావు?"

"మా రహిమున్నిసా పొద్దున ఆ టకటక వింటా ఏడ్చిందిరా. ఎంత బాగుందో అంది. నా భుజం మీద తల పెట్టింది. నేను గోడకేసి చూస్తా కూచున్నా." మస్తాన్ గొంతు తగ్గింది. "నాకూ ఏదో ఒకటి వినాలని ఉంది బసవా. ఎన్నాళ్లని ఒక్కణ్నే?"

కొట్టు తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. పొరలు తయారుచేసే సమశ్రుతి సంస్థ నుంచి వచ్చిన పర్యవేక్షకురాలు లావణ్యలత లోపలికొచ్చింది. ముప్పైలోపు మనిషి. మర్యాదగా మాట్లాడుతుంది, ఆ మర్యాదలోనే తొందరపెడుతుంది.

"మొదలెట్టారా బసవేశ్వరరావు గారూ? ఇంటర్వెల్ దగ్గరపడింది. పాట దాని తర్వాతే. ఈయనకి పొర పడితే మీ ఏరియా నిండినట్టే. పాటకు ఒప్పో కాదో చెప్పే పచ్చిచెవే ఉండదు కాబట్టి జంట కుర్చీ ఎత్తించేస్తాను. గుంటూరు కూడా మీకే ఇవ్వమని పైకి రాశాను."

"సంతోషమమ్మా. ఒక్క సంగతి. ఈ పాట మూలంలో ఏముంది?"

"అంటే?"

"పొర లేకుండా వింటే."

ఆమె కొంచెం ఆలోచించి, దాచకుండా చెప్పింది. "నేను వినలేదండీ. మా ఆఫీసులో ఎవరూ విని ఉండరు. అందరికీ చిన్నప్పుడే పెట్టేశారుగా. మూలం ఎంత తేలికైతే పొరకి అంత వీలని మాత్రం తెలుసు. ఫిర్యాదులు కూడా అందుకే తగ్గాయి."

"అసలు లేకపోతే?"

"ఫిర్యాదులు లేకపోతేనా? ఇంకా మంచిది కదా."

"పాట లేకపోతే, అమ్మా."

లావణ్యలత నవ్వింది. ఆ నవ్వులో దురుద్దేశం లేదు. "ఈయన మాట పట్టుకున్నారా? ఈయన కాదనని పాట ఉందా సార్? మీరిద్దరూ జంట కుర్చీలో ఉన్నప్పటి రికార్డు చూశాను. ఒకరు ఒప్పంటే ఒకరు కాదు. అన్ని పాటలకీ అంతే. అందుకే మిమ్మల్ని అంతకాలం ఉంచారు."

బసవయ్య తల పైకెత్తాడు. "అందుకే అంటే?"

"రూలు మీకు తెలిసిందేగా. ఒక పచ్చిచెవి కాదంటే అది అభిరుచి. జంటలో ఇద్దరూ కాదంటే అది పాటలో లోపం, పాట ఆగాలి. మీ ఇద్దరిలాంటి జంట ఉంటే ఏ పాటా ఆగదు. మా శిక్షణలో మీ గురించి ఒక పాఠమే ఉంది."

మస్తాన్ బసవయ్య కేసి చూశాడు. బసవయ్య అతని కేసి చూడలేకపోయాడు. చించుకున్న చొక్కాలు, టీ కొట్టు దగ్గర తెల్లవార్లూ అరిచిన అరుపులు, ఇవన్నీ తమ సొంతమనుకున్నాడు. ఎవడో వాటిని తూకం వేసి, తనకు పనికొచ్చే చోట పెట్టుకున్నాడు. వాటా కూడా అడక్కుండా.

హాల్లో ఇంటర్వెల్ గంట మోగింది.

బసవయ్య లెక్క వేసుకున్నాడు. అతనికి తెలిసిన బతుకు అదే. శోభనాద్రి చనిపోయిన ఏడాది, ఇక అలాంటి పాట రాదని తెలిసి, అతను జంట కుర్చీ దిగి పొర పెట్టించుకున్నాడు. అప్పటి నుంచి వచ్చిన ప్రతి పాటా అతని చెవిలో శోభనాద్రి పాటే. అదే ఫ్లూటు, చరణం చివర అదే చిన్న మలుపు. పొర తీస్తే అది పోతుంది. చెవి పొరను ఒక్కసారే పట్టుకుంటుంది, ఊడదీస్తే మళ్లీ అంటదు. పొర లేనివాడు పొరదారుగా ఉండడు. ఇదంతా ఒకవైపు. రెండోవైపు ఉన్నది ఈ సాయిబు ఒక్కడే. వీడికి పొర పెట్టేస్తే వీడు సుఖపడతాడు. రేపు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆ టకటకకు తలలూపుతారు. నీకు ఏం వినిపించిందని అడిగే అవసరం కూడా ఉండదు.

ఎంత తిప్పి చూసినా లాభం మొదటివైపే తేలింది. అయినా అతని చెయ్యి చిమ్టా తీసుకుంది. అద్దం ముందుకు లాక్కున్నాడు.

"అది నా చెవి కాదురా," అన్నాడు మస్తాన్.

"నాకు తెలుసు. కదలక కూచో."

పొర ఊడేటప్పుడు వెంట్రుక మొదలంటా లాగినట్టు నొప్పి పుట్టింది. ఎడమచెవి నుంచి కొంచెం రక్తం వచ్చింది. లావణ్యలత ముందుకొచ్చి చెయ్యి పట్టుకోబోయింది. "సార్, ఏం చేస్తున్నారు? అది మళ్లీ... సార్, మీ ఏరియా!" అప్పటికే రెండోది కూడా బల్ల మీద ఉంది. చేప పొలుసుకంటే చిన్నవి రెండూ.

మొదట అతనికి వినిపించింది వీధి. ఆటో హారను, ఎవరో ఉమ్మిన చప్పుడు, ఫ్యాను రెక్క కిర్రుమనడం. ఇంత ముతకగా ఉండేదా ఈ ఊరు? అతను మస్తాన్ జబ్బ పట్టుకుని లేపాడు. "పద. టకటక అయినా జోజిబాబు కంటే మేలేమో చూద్దాం."

"నోరు ముయ్ రా," అన్నాడు మస్తాన్. ఆ గొంతులో పాత కారం కాస్త తిరిగొచ్చింది.

జంట కుర్చీ హాలు వెనక వరసలో, గోడకు ఆనుకుని ఉంది. బసవయ్య కూర్చోగానే చేతి కింద పచ్చదీపం వెలిగింది. అతని చెవిని కుర్చీ మరిచిపోలేదు. తెర మీద కొండ అంచున నాయకానాయికలు చేతులు చాచారు. పాట మొదలైంది.

టక్. టక్. టక్. టక్.

హాలంతా ఊగింది. ముందు వరసలో ఒకడు రెండు చేతులూ పైకెత్తి వేళ్లతో గాలిలో ఏదో మీటుతున్నాడు. ఒక ముసలాయన కళ్లు మూసుకుని తాళం వేస్తున్నాడు, టకటకతో కలవని వేరే తాళం. పక్కగా రహిమున్నిసా, పొద్దున విన్నది చాలక మళ్లీ వచ్చి, కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నవ్వుతూ ఏడుస్తోంది. తెర మీద పెదవులు కదులుతున్నాయి, వాటిలోంచి ఏ మాటా రావడం లేదు.

బసవయ్య రక్తం తడి ఆరని చెవిని తడుముకున్నాడు. ఇన్నేళ్లూ తను ఎవరి పాటకు ఏడ్చాడు?

మస్తాన్ 'కాదు' మీట నొక్కాడు. కుర్చీ మీద ఎర్రదీపం ఒకటి వెలిగింది. లావణ్యలత నడవలోకి వచ్చి నిలబడింది. ఆమె పాట వింటూనే ఉంది. పాదం దానంతటదే ఆడుతోంది. "సార్," అంది గుసగుసగా, "వీళ్లు సంతోషంగా ఉన్నారు. మీకు లేదని వీళ్లకి కూడా లేకుండా చేస్తారా?"

ఆ మాటలో న్యాయం ఉంది. బసవయ్య వేలు మీట మీద ఆగింది. వ్యాపారంలో అతను ఎవరి చేతిలోంచీ సరుకు లాక్కోలేదు. పక్కన మస్తాన్ నొక్కమనలేదు. భార్య కేసే చూస్తున్నాడు. జీవితంలో ఒక్కసారి కూడా ఈ మనిషితో బసవయ్య ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఏదో ఓడిపోయినట్టుండేది.

రహిమున్నిసా వెనక్కి తిరిగి భర్తను వెతుక్కుంది. "ఎంత బాగుందో కదా" అన్నట్టు చూసింది. మస్తాన్ తలూపాడు. అబద్ధంగా తలూపాడు.

బసవయ్య మీట నొక్కాడు.

టకటక ఆగింది. తెర మీద ఇద్దరూ నిశ్శబ్దంగా గంతులేస్తూనే ఉన్నారు. గాలిలో మీటుతున్నవాడి వేళ్లు ఆగిపోయాయి. హాలు మొత్తం ఒకసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు బసవయ్య పచ్చిచెవులకు వినిపించింది.

లావణ్యలత చేతిలోని పలక మోగింది, ఆగకుండా మోగింది. చూసి ఆమె మొహం పాలిపోయింది. "అన్ని ఏరియాల్లోనూ ఆగింది. ప్రతి హాల్లోనూ." కుర్చీ దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "పొరపాటున నొక్కానని చెప్పండి సార్. ఒక్క మాట. నేను సర్దుకుంటాను."

"ఎవడ్రా ఆపింది?" ముందు నుంచి ఎవరో అరిచారు.

"మంచి చోట ఆపారు దరిద్రులు! నాదస్వరం ఎత్తుకుంటుండగా..."

"నాదస్వరమా? అది గిటారండీ."

"గిటారేంటయ్యా, నువ్వు వేరే సినిమాలో కూచున్నావా?"

"ఏది, పాడు చూద్దాం!"

వాడు పాడాడు. పక్కవాడు అది కాదన్నాడు, తను పాడాడు. వెనక వరస రెండింటినీ చూసి నవ్వింది. రహిమున్నిసా లేచి నిలబడింది. "మీ మొహాలు! అది తల్లి పాడే పాట, మగగొంతే లేదు దాంట్లో," అని నడుం మీద చెయ్యేసుకుంది. ముసలాయన సీటెక్కి, అందరూ తప్పేనని ప్రకటించాడు. ఎవరో ఎవరి కాలరో పట్టుకున్నారు.

"సార్," అంది లావణ్యలత. "నాకు సితార్ వినిపించింది. వీళ్లలో ఒక్కరు కూడా సితార్ అనట్లేదేంటి?"

మస్తాన్ వంగి బసవయ్య చెవి దగ్గర రక్తాన్ని రుమాలుతో తుడిచి, "ఆ టకటకకి తాళం కూడా సరిగా లేదురా," అన్నాడు.

"తాళం బాగానే ఉంది," అన్నాడు బసవయ్య. "నీకెప్పుడు తెలిసింది కనక?"