జీవరత్నానికి చోటు

తెల్లవారింది. బెజవాడ గవర్నర్‌పేట సందులో పాలవాడి సైకిలు గంట వినిపించగానే మార్తమ్మ లేచి, పెట్టెలోంచి ఉతికిన చీర ఒకటి తీసి వీధి గుమ్మం పక్కన కుర్చీ మీద వేసింది. గడియ తీసి తలుపు ఓరగా ఉంచింది.

కోడలు ఎలిజబెత్ కాఫీ గ్లాసుతో వచ్చింది.

"మళ్ళీ వచ్చిందా అత్తయ్యా?"

"వచ్చిందమ్మా. తలుపు దగ్గరే నిలబడింది. తడిసిపోయానమ్మా, లోపలికి రానా అంటది. రావే అంటే రాదు. పొడి చీర ఇద్దామని లేచేసరికి ఉండదు."

ఎలిజబెత్ గడప వైపు చూసింది. పొడిగానే ఉంది. అయినా దాన్ని దాటేటప్పుడు కుచ్చిళ్ళు కాస్త పైకెత్తుకొంది.

దివిసీమ ఉప్పెన వచ్చి మూడు నెలలు దాటింది. మార్తమ్మ కూతురు జీవరత్నం అక్కడ బడిపంతులమ్మ. సముద్రం ఊరి మీదికి వచ్చిన రోజు ఆమె భర్త రత్తయ్య కొట్టు సరుకు కోసం బెజవాడ వచ్చి ఉన్నాడు. తిరిగి వెళ్ళేసరికి ఇల్లు లేదు, ఆమె లేదు. శవం కూడా దొరకలేదు.

రత్తయ్య హిందువు. అతన్ని రిజిస్టరు పెళ్ళి చేసుకొన్నందుకు, ఉయ్యూరు దగ్గర సొంత ఊళ్ళోని చర్చి సంఘం జీవరత్నాన్ని ప్రభువు బల్లకు, అంటే గుళ్ళో రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ఆరాధనకు, దూరం పెట్టింది. మార్తమ్మ కూడా ఆ అల్లుణ్ణి ఒక్కనాడు గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడామెకు ఒకటే కోరిక. ఊళ్ళో సంఘం వాళ్ళ సమాధుల దొడ్డిలో, తన భర్త పక్కన, కూతురికి ఒక సమాధి కావాలి. చోటు లేకే అది తిరుగుతోందని ఆమె నమ్మకం.

"ఆత్మలు గుమ్మాల్లో నిలబడవమ్మా" అనేవాడు కొడుకు అబ్రహాము. అతను క్రైస్తవ వేదాంత కళాశాలలో పాఠాలు చెబుతాడు. మనుషుల కష్టాల గురించి లేఖనాలు ఏమంటాయో ఇంగ్లీషులో పెద్ద థీసిస్ రాస్తున్నాడు. ఆ మాట అనేసి మళ్ళీ కాగితాల్లో తల దూర్చేవాడు.

ఆ ఉదయం సంఘ పెద్ద జక్కయ్య మొదటి బస్సుకే ఊరినుంచి వచ్చాడు. ఇచ్చిన కాఫీ తాగకుండా గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"మొన్న పెద్దలం కూర్చున్నాం వదినా. కుదరదన్నారు. బల్లకు దూరమైన మనిషికి దొడ్లో చోటిస్తే రేపు ప్రతివాళ్ళూ అడుగుతారంట."

"నీ చెరుకు తోటలో అడిగానా జక్కయ్యా? నా మొగుడి పక్కన అడిగాను. శవం కూడా లేదు. ఎంత చోటు పడుద్ది?"

"నామీద ఎగరబాకు." జక్కయ్య కండువాతో మెడ తుడుచుకొన్నాడు. "అప్పుడు మాకేం తెలుసు? చిన్నపిల్ల, పోనీలే అని కొందరం అన్నాం కూడా. మీ అబ్బాయే గదా కొత్తగా చదువుకొని వచ్చి, గ్రీకులో ఇట్టా ఉంది, హెబ్రీలో అట్టా ఉంది, దూరం పెట్టాల్సిందే అని నిలబడి చెప్పింది! ఆ మాట మీదే చేశాం. ఆయన్నే అడుగు."

మార్తమ్మ కొడుకు వైపు తిరిగింది.

"నువ్వా?"

"వాళ్ళు అడిగారమ్మా. వాక్యంలో ఉన్నది చెప్పాను. నిర్ణయం వాళ్ళదే..."

"నాతో పెద్దలు చేశారన్నావు."

జక్కయ్య చెప్పులు వేసుకొని, వస్తానని కూడా చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

ఎలిజబెత్ ఊరుకోలేకపోయింది. "ఏవండీ, బల్లనిండా అన్ని కాగితాలున్నాయి. వాటిలో ఏముందో అత్తయ్యకి ఒక్కరోజన్నా చెప్పారా? ఆ చదువంతా దొరలు మెచ్చుకోడానికేనా? మనింట్లో ఏడ్చేవాళ్ళకి పనికిరాదా?"

అబ్రహాము తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"బైబిల్లో ఒక తల్లి గురించి రాస్తున్నానమ్మా. పూర్వం ఒక రాజు ఆమె కొడుకుల్ని పగవాళ్ళకు అప్పగించాడు. వాళ్ళు కొండ మీద ఉరితీసి అక్కడే వదిలేశారు. ఆమె బండ మీద గోనెపట్ట పరుచుకొని కూర్చుంది. కోతల కాలం నుంచి వానలు పడేదాకా లేవలేదు. పగలు పక్షుల్ని వాళ్ళ మీద వాలనివ్వలేదు, రాత్రి మృగాల్ని దగ్గరికి రానివ్వలేదు. చివరికి రాజుకే మనసు కరిగి, ఎముకలు ఏరించి పాతిపెట్టించాడు."



"ఆమెకు శవాలన్నా ఉన్నాయి గదరా" అంది మార్తమ్మ.

ఆ రోజు అబ్రహాము రాసుకొనే బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం వీధి గుమ్మంలో ఒక్కడే నిలబడ్డాడు. ఉన్నట్టుండి ఉప్పునీటి వాసన, కుళ్ళిన వరిగడ్డి వాసన ముక్కుకు తగిలాయి. సందులో ఎక్కడా నీటిచుక్క లేదు. అతను వెనక్కి జరిగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు తొలిగాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం మాత్రం రత్తయ్యకు కబురు పంపాడు.

ఆదివారం ఊరి గుళ్ళో ఆరాధన అయిపోయాక అబ్రహాము లేచి ముందుకు వెళ్ళాడు.

"మా చెల్లెలి విషయంలో ఇక్కడే నిలబడి నేనొక మాట చెప్పాను. ఒక్క వాక్యం పట్టుకొని, ప్రభువు చెప్పిన మిగతావన్నీ వదిలేశాను. తప్పు నాది, శిక్ష అది మోసింది. ఉప్పెన దాని పాపం వల్ల వచ్చిందని ఎవరైనా అనుకుంటుంటే అదీ తప్పే. దానికి చోటివ్వండి. ఇవ్వకపోతే దొడ్డి గోడ బయటైనా నేనే తవ్వుతాను."

ఒక చంటిపిల్ల ఏడ్చి ఊరుకొంది.

"గోడ బయటెందుకు బాబూ" అన్నాడు జక్కయ్య చివరికి, తల వంచుకొనే. "పారలు తెప్పించండి."

సమాధుల దొడ్డి గేటు బయట రత్తయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక పాలడబ్బా. మార్తమ్మ అతని దగ్గరికి నడిచింది.

"ఏం తెచ్చావయ్యా?"

"ఇల్లున్న చోటి మట్టండీ. ఇంకేం మిగల్లేదు."

ఆమె ఆ డబ్బాను చేత్తో తడిమింది. "లోపలికి పద నాయనా. నీ పెళ్ళానికి తవ్వుతుంటే నువ్వు గేటు బయట ఉంటావా?" అని చెయ్యి పట్టుకొని తీసుకువచ్చింది. రత్తయ్య అప్పుడు ఏడ్చాడు.

గొయ్యి మోకాటి లోతు అయ్యేసరికి గోడ అవతల ఆడవాళ్ళు కొందరు గుమిగూడారు. అందరూ కూలి ఇళ్ళవాళ్ళు. ముందున్న శౌరమ్మ చేతిలో మగవాడి చొక్కా మడత ఉంది.

"మార్తక్కా, మా ఆయన కూడా దివిసీమకి కోతలకి పోయినోడే. దొరకలేదు. సందేళ అయితే వాకిట్లో దగ్గు వినపడుద్ది."

ఆమె వెనక రామతులసి దువ్వెన ఒకటి పట్టుకొని నిలబడింది. "మేం మీ గుడోళ్ళం కాదమ్మా. ఇది మా పిల్లది. అదీ ఆ నీళ్ళలోనే పోయింది. అయినా..." అని ఆగిపోయింది.

పారలు ఆగాయి. జక్కయ్య అబ్రహాము వైపు చూశాడు.

"ఏమంటారు బాబూ? దీనికి వాక్యం ఏం చెబుతుంది?"

అబ్రహాము నోరు తెరిచేలోపే మార్తమ్మ గట్టు మీద నుంచి అంది.

"వాణ్ణేం అడుగుతావు జక్కయ్యా? గొయ్యి పెద్దది చెయ్యండి."

అబ్రహాము చొక్కా చేతులు మడిచి గోతిలోకి దిగాడు.