నాన్న పూసిన గోడ

ఆ ఉదయం ఇంట్లో ఇస్త్రీపెట్టె కోసం యుద్ధం జరుగుతోంది.

"ముందు నా చొక్కా!" అన్నాడు తండ్రి. ఆయన పెయింటింగ్ మేస్త్రీ. రంగు మరకలు లేని చొక్కా ఆయనకు ఒక్కటే ఉంది.

"పరీక్ష దానికా, నీకా? పెళ్ళికొడుకులా ముస్తాబవుతున్నావు" అంది నాయనమ్మ.

పరీక్ష మనవరాలికే. పాత చిత్రాలను కాపాడే చదువులో ఆమె పరిశోధన చేస్తోంది. రెండేళ్ళ ఫెలోషిప్పుకి చివరి ఇద్దరిలో ఒకరిగా మిగిలింది. రెండో అభ్యర్థిని నిన్ననే చూశారు. ఇవాళ పదకొండు గంటలకు కమిటీవాళ్ళు వచ్చి, ఈమె పనిచేసే గోడ దగ్గరే నిలబడి పని చూస్తారు. నచ్చితే ఫెలోషిప్పు, లేదంటే చదువు ఇక్కడితో సరి.

"నువ్వు రావద్దులే నాన్నా. అక్కడంతా దుమ్ము."

"ముప్పై ఏళ్ళుగా దుమ్ము తిని బతుకుతున్నవాణ్ణి, నాకు చెప్తున్నావా?"

కూతురు వినిపించనట్టు సంచి సర్దుకుంది. అసలు సంగతి ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు. ఇంతలో తల్లి బల్లమీది ఫైలు తీసి, బళ్ళో పిల్లలకు పాఠం చదివినట్టు గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఆవిడ టీచరు, అచ్చులో ఏది కనిపించినా చదవకుండా ఉండలేదు.

"పాత గ్రంథాలయం చదువుల గదిలో, ఆకుపచ్చ రంగు కింద మరుగున పడిన నూనెరంగుల చిత్రాన్ని వెలికితీయడం. అవగాహన లేని కూలీల చేతుల్లో ఈ చిత్రం..."

అక్కడ ఆవిడ ఫైలు మూసేసింది. ఆ ఆకుపచ్చ రంగు పూసింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన చేసిన మొదటి పెద్ద పని అది. గ్రంథాలయం మీదుగా వెళ్ళిన ప్రతిసారీ, "ఒక్క పెచ్చు ఊడిందా చెప్పు!" అని మీసం తిప్పకుండా ఇంటికి వచ్చింది లేదు.

"అవగాహన లేని కూలీ. అంటే నేనేగా?"

"నిన్ను అనలేదు నాన్నా. అర్జీలో అలాగే రాస్తారు."

"ఆ గోడకి ఇంకెవడు పూశాడే? ఏడాదినుంచి ఏదో గోడ, ఏదో గోడ అంటూ వచ్చావు."

"చెప్తే బాధపడతావని!"

"ఇప్పుడు ఎగిరి గంతేస్తున్నానా?"

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "పద్నాలుగు మందులు వాడాను నాన్నా! పైరంగు కరిగిందంటే కింద బొమ్మా కరుగుతోంది. ఇవాళ వాళ్ళకి ఏం చూపించాలో నాకే తెలీదు. అసలు అంత మంచి బొమ్మ మీద పూయడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

తండ్రి తల దించుకున్నాడు. నాయనమ్మ మాత్రం ఊరుకోలేదు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ చదువు. సీసాల్ని అడిగావు, పుస్తకాల్ని అడిగావు. పూసినవాణ్ణి ఒక్కసారి అడిగావుటే?"

అడగలేదు. నిజంగానే అడగలేదు. ఆమె మెల్లగా తండ్రి పక్కన కూర్చుంది. "ఎలా పూశావు నాన్నా?"

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. "బొమ్మని ఉప్పుకాగితంతో గోకేసి పూయమన్నాడు కాంట్రాక్టరు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బొమ్మలో ఒకావిడ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని మనకేసే చూస్తుంటుంది. ఆవిడ మొహం మీద గోకడానికి చెయ్యి రాలేదమ్మా. వాడు భోజనానికి వెళ్ళినప్పుడల్లా పిండి జిగురు కాచి, సుద్ద కలిపి, పైరంగు బొమ్మకి అంటకుండా కాస్త కాస్త పట్టించాను. అది ఆరాక పైన రంగు కొట్టాను. తెలిస్తే పనిలోంచి తీసేసేవాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు. తర్వాత అడిగినవాళ్ళూ లేరు."

కూతురు దిగ్గున లేచింది. మధ్యలో జిగురు పొర! ఆమె వాడినవన్నీ నూనెరంగుని కరిగించే మందులు. అందుకే పైదీ కిందదీ కలిసి కరిగిపోతున్నాయి. జిగురుకి మందు కావాలా?

"నీళ్ళు! వేడినీళ్ళు నాన్నా!"

"మరి? పిండి జిగురుకి ఇంకేం కావాలి?"

గడియారం పదీ ఐదు చూపిస్తోంది. తల్లి ఫ్లాస్కు నింపింది. తండ్రి సగం ఇస్త్రీ అయిన చొక్కాలోనే బయటికి పరుగెత్తాడు. "ఒరేయ్, గుండీలు!" అని నాయనమ్మ వీధి దాకా వెంటపడింది.

గ్రంథాలయం గదిలోకి వచ్చిన కమిటీలో ముగ్గురున్నారు. అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని, "ఈయనెవరు?" అని అడిగింది.

"మా నాన్న. ఈ గోడకి రంగు వేసింది ఈయనే. నా అర్జీలో ఒక మాట తప్పు రాశానండీ. ఈ బొమ్మని మొదట కాపాడింది కూడా ఈయనే."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, రంగు అంచున సన్నగా గాటు పెట్టబోయింది.

"అక్కడ కాదమ్మా. రెండు జానలు పైకి. ఆవిడ మొహం అక్కడుంటుంది" అన్నాడు తండ్రి. ముప్పై ఏళ్ళయినా ఆయన వేలు తడుముకోలేదు.

ఆయన చూపిన చోట గాటు పెట్టి, దాని మీద వేడి గుడ్డ అద్దారు. ఐదు నిమిషాలు. గుడ్డ మార్చారు. పది నిమిషాలు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. "ఇంకాస్త ఆగండి సార్, గోడని తొందరపెట్టకూడదు" అన్నాడు మేస్త్రీ. పావుగంటకి ఆకుపచ్చ పొర అంచు ముడుచుకుంది. కూతురు చిన్న చెక్కపుల్లతో పట్టి లేపింది. పొర అరచేతి వెడల్పున ఒక్క ముక్కగా ఊడొచ్చింది.

కింద ఒక కన్ను, కనుబొమ్మ, నుదుటి మీద పడిన వెంట్రుకలు. రంగు చెక్కుచెదరలేదు.

తండ్రి దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి.

"నేనే ముసలాణ్ణయ్యాను. ఆవిడ అలాగే ఉంది."

కూతురు ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఏడాదంతా అవే చేతులను తిట్టుకుంది తను. "క్షమించు నాన్నా" అంది.

అధ్యక్షురాలు మిగతా ఇద్దరి వైపు చూసింది. ఇద్దరూ తలూపారు. ఆవిడ గోడను ఈ చివరినుంచి ఆ చివరికి చూసి, "ఇంత పెద్ద గోడకి రెండేళ్ళు సరిపోతాయా అమ్మా?" అని అడిగింది.

కూతురు తండ్రి భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. జవాబు ఆయనే చెప్పాల్సి వచ్చింది.

"సరిపోతాయండీ. ఇద్దరం ఉన్నాంగా."