నాన్న పట్టేశాడు

"మా అక్కని మా బావే చంపాడండీ."

ఆ అమ్మాయి కుర్చీలో కూర్చోకముందే అన్న మాట ఇది. ఫోటోగ్రాఫరు చేతిలోని టీ గ్లాసు నోటిదాకా రాకుండానే ఆగిపోయింది. సర్వేయరమ్మ మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, "కూర్చో తల్లీ. ముందు మంచినీళ్ళు తాగు" అంది.

సర్వేయరమ్మ అంటే పొలాలు కొలిచే మనిషి కాదు. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీ తరఫున నుజ్జయిన బండ్లు చూసి, ప్రమాదం ఎలా జరిగిందో తేల్చిన మనిషి. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధన మొదలుపెట్టినా పాత పేరు ఆమెను వదల్లేదు. సెల్‌ఫోన్లు తన స్టూడియోని మింగేశాక ఫోటోగ్రాఫరు ఆమె దగ్గర చేరాడు. తన కెమెరాకి కనిపించనిది ఆమె కంటికి ఎలా కనిపిస్తుందో ఏడేళ్ళుగా అతనికి అంతుపట్టలేదు. ఆమె తెలివి తన సొంత ఆస్తి అయినట్టు ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

అమ్మాయి నీళ్ళు తాగి మొదలుపెట్టింది. వేరే ఊళ్ళో నర్సు. తండ్రి దర్జీ. అక్క బడిలో టీచరు. మూడు వారాల క్రితం ఒక సోమవారం పొద్దున, కారులో బడికి వెళ్తూ ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దింది.

"పెద్ద స్పీడు కూడా లేదటండీ. బెల్టు పెట్టుకునే ఉంది. బయటికి తీసినవాళ్ళే దాన్ని విప్పారు. అయినా ఛాతీ స్టీరింగుకి కొట్టుకుంది. బెల్టు ఉండి ఎలా కొట్టుకుంటుంది? ఆ పాత కారు కొన్నది మా బావ. బెల్టు సరిగ్గా లేదు, ఎక్కాలంటే భయంగా ఉందని అక్క రెండు నెలలు మొత్తుకుంది. చివరికి శనివారం షెడ్డులో కొత్త బెల్టు వేయిద్దామన్నారు. దానికి రెండు రోజుల ముందే, గురువారం, షెడ్డుకి ఫోన్ చేసి వద్దన్నారు. ఎవరు వద్దన్నారు? ఎందుకు వద్దన్నారు?"

"ఇంకేమైనా ఉందా?"

ఆ అమ్మాయి ఫోన్ తీసి చూపించింది. గురువారం సాయంత్రం అక్క పంపిన సందేశం. 'నాన్న పట్టేశాడు. ఇక భయం లేదు.'

"ఏం పట్టేశాడని నాన్నని అడిగితే నోరు విప్పడు. ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడడు, మిషను ముట్టుకోడు. బావ గుట్టేదో నాన్న పట్టుకున్నాడు. అందుకే బావ అక్కని వదిలించుకున్నాడు. సోమవారం పోలీసులకి రాసిస్తాను. నాలుగేళ్ళ పాపని ఆ మనిషి దగ్గర ఒక్క పూట కూడా ఉంచను."

కారు పోలీసు స్టేషను వెనక ఆవరణలో పడి ఉంది. ముందు భాగం నలిగింది గానీ లోపలి సీటు చెక్కుచెదరలేదు. ఆ సీటు మీద పిల్లల నోటు పుస్తకాల కట్ట ఇంకా అలాగే ఉంది. ఫోటోగ్రాఫరు దాన్ని మాత్రం ఫోటో తీయలేదు.

సర్వేయరమ్మ బెల్టు లాగింది. వచ్చింది. వదిలింది. తిరిగి పక్క స్తంభంలోని చుట్టలోకి పోలేదు, వేలాడింది. చటుక్కున గట్టిగా లాగింది. ఆగాల్సిన బెల్టు ఆగలేదు, జర్రున జారి వచ్చింది. అడుగున కుట్టిన చీటీని వేలితో తిప్పి, "ఇది తియ్యి. తయారైన సంవత్సరం కనబడాలి" అంది. తర్వాత బెల్టు మధ్యలో ఒకచోట ఆగిపోయింది. పట్టీకి అడ్డంగా రెండు వరసల సన్నని చిల్లులు. రెండింటికీ మధ్య జానెడు దూరం.

"ఎలుక కొరికిందేమో మేడమ్" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"ఎలుక స్కేలు పెట్టుకుని కొరుకుతుందా? దగ్గరగా తియ్యి. అసలు సైజులో ప్రింటు కావాలి." ఒక చిల్లులో ఇరుక్కున్న నల్లదారం పోగుని ఆమె చాలాసేపు చూసింది. ఎందుకో ఆమె ముఖం వాడిపోయింది.

బావ అచ్చాఫీసులో పనిచేస్తాడు. బయటికి వచ్చినప్పుడు చొక్కా కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. మూడు వారాల్లో మనిషి సగమయ్యాడు.

"షెడ్డుకి వద్దని ఫోన్ చేసింది ఎవరు?"

"తనే."

"ఎందుకని?"

"'అవసరం లేదు, సరైపోయింది' అంది. ఎలా సరైందని నేను అడగలేదండీ." అతను గోడ వైపు తిరిగాడు. "అప్పుడు ప్రూఫులు దిద్దుతున్నాను. సరేలే అన్నాను. ఆ బెల్టు గురించి తనతో నేను అన్న ఆఖరి మాట అదే."

"మరదలు మీ మీద కేసు పెడుతోంది, తెలుసా?"

"తెలుసు. పెట్టనీండి. పాపని మాత్రం తీసుకుపోవద్దని చెప్పండి. ఇక నాకు మిగిలింది అదొక్కటే."

దర్జీ కొట్టు షట్టరు సగం దించి ఉంది. లోపల కత్తిరింపు బల్ల మీద దుమ్ము. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. తండ్రి స్టూలు మీద కూర్చుని, మెడలోని టేపుని వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నాడు. మాట్లాడడని కూతురు చెప్పిన మనిషి ఆమె ముఖం చూసి నోరు తెరిచాడు.

"ఆ గురువారం మీ అమ్మాయి ఇక్కడికి వచ్చిందా?"

"రోజూ వచ్చేదమ్మా. బడి నుంచి నేరుగా ఇక్కడికే."

"కారు ఎక్కడ ఆపేది?"

"ఇదిగో, ఈ గుమ్మం ముందే."

ఇంతలో షట్టరు కింద నుంచి ఒక ఆవిడ తల వంచి చూసింది. "అయ్యా, మా అమ్మాయి జాకెట్టు లూజుగా ఉందని ఇచ్చానే, పట్టేశారా?"

"ఇంకా లేదమ్మా" అన్నాడు ఆయన.

సర్వేయరమ్మ మరో ప్రశ్న అడగలేదు. బయటికి వచ్చి అరుగు మీద కూలబడింది. "కొన్ని కేసులు తేలకపోతేనే బాగుండునయ్యా" అంది. ఏడేళ్ళలో ఆమె నోట అలాంటి మాట ఫోటోగ్రాఫరు వినలేదు.

ఆదివారం పొద్దున అందరూ ఆ కొట్లోనే కూర్చున్నారు. తండ్రి, చెల్లెలు, బావ, వాళ్ళకి కారు అమ్మిన పాత కార్ల వ్యాపారి. బావకీ మరదలికీ మధ్య మిషను ఉంది.

"ముందు మీరు చెప్పండి" అని వ్యాపారి వైపు తిరిగింది సర్వేయరమ్మ. "కారు వయసు పద్నాలుగేళ్ళు. డ్రైవరు బెల్టు మీద చీటీ ప్రకారం దాని వయసు పంతొమ్మిది. తల్లికంటే పిల్ల పెద్దదెలా అయింది?"

"పాతది చిరిగిపోయిందమ్మా. వేరే బండిలోది తీసి వేశాం. అందరూ చేసేదేగా."

"ఏ బండి?"

అతను నీళ్ళు నమిలాడు. "తుక్కుకి వచ్చింది. గుద్దుకున్న బండి."

"గట్టిగా గుద్దుకున్న బండిలోని బెల్టు ఇంకో మనిషిని కాపాడుతుందని నమ్మకూడదు. మీరు వేసిన బెల్టు చుట్టలోకి పోదు, ఆపాల్సినప్పుడు ఆపదు. అది మీకు తెలిసే అమ్మారు. పొద్దునే పోలీసులకి రాసిచ్చాను."

చెల్లెలు లేచి నిలబడింది. "మరి నాన్న పట్టుకున్నదేమిటి? షెడ్డు వద్దన్నదెవరు?"

"కూర్చో తల్లీ. షెడ్డు వద్దన్నది మీ అక్కే. నీ బావ గుట్టు ఎవరూ పట్టుకోలేదు. 'పట్టుకున్నాడు' అని మీ అక్క రాయలేదు. 'పట్టేశాడు' అని రాసింది. దర్జీ ఇంట్లో పుట్టావు. లూజైన బట్టని ఏం చేయమంటారు మీ కొట్టుకి వచ్చేవాళ్ళు?"

రోజూ చెవిన పడే మాట కాబట్టే ఆ అమ్మాయి చెవికి ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని తండ్రి వైపు తిరిగింది.

సర్వేయరమ్మ చూపు అందుకుని ఫోటోగ్రాఫరు ప్రింటుని బల్ల మీద పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి అతనికి మనసొప్పలేదు. తండ్రి దాన్ని దగ్గరికి లాక్కుని, చిల్లుల వరస మీద బొటనవేలు నడిపించాడు. చివరికి వచ్చి ఆగాడు.

"నా కుట్టే. చివర మూడుసార్లు వెనక్కి తిప్పుతాను, ఊడకుండా." "బెల్టు వదులుగా ఉంది నాన్నా అంది. ఎంతసేపమ్మా, ఇలా కూర్చో, అన్నాను. జానెడు మడత వేసి చేత్తోనే కుట్టేశాను. వేసుకుని చూసి, ఎంత బాగా సరిపోయింది నాన్నా అని నవ్వింది. బెల్టు పని చేయలేదని విన్నాక గుండె జారిపోయింది. నా కుట్టు కాదులే, కాదులే అనుకుంటూనే ఉన్నాను."

"కుదుపుకి ఆ మడత విడిపోయింది" అంది సర్వేయరమ్మ మెల్లగా. "మడత లేకపోయినా ఆ చుట్ట ఆగేది కాదు బాబాయ్. మీ కుట్టు మీ అమ్మాయిని చంపలేదు."

"కుట్టకపోతే?" అన్నాడు ఆయన. "శనివారం కొత్త బెల్టు వేయించుకునేది కదమ్మా. నేను దాని భయం తీసేశాను."

ఎంత పెద్ద కేసులోనైనా చివరి మాట తనదిగా ఉంచుకునే సర్వేయరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చెల్లెలు ఏడుస్తూ, "బావా" అంది. బావ ఆమె తల మీద చెయ్యి వేసి దాటి వచ్చాడు. మామగారి ముందు నిలబడ్డాడు. ఏమంటాడోనని ఫోటోగ్రాఫరు భయపడ్డాడు. అనడానికి అతనికి హక్కుంది మరి.

బావ తన చొక్కా పక్కలు రెండు చేతులా పట్టుకుని చూపించాడు.

"మామయ్యా, లూజైపోయింది. కాస్త పట్టండి."

పెద్దాయన మెడలోంచి టేపు తీశాడు. పిన్నులు పెడుతుంటే ఒకటి రెండు గుచ్చుకున్నాయి. అల్లుడు చేతులు పైకెత్తి, కదలకుండా నిలబడ్డాడు.